తాగని జకరయ్య

1953 వేసవిలో జకరయ్య సెలవు మీద నంద్యాల వచ్చినప్పుడు చర్చి సంఘమంతా గుడి ముందు నిలబడి దండలు వేసింది. పటాలాల బాక్సింగు పోటీల్లో హెవీవెయిట్ ఛాంపియన్‌గా గెలిచి వచ్చాడు మరి. నూట తొంభై పౌన్ల మనిషి. గుడిలో ముందు వరసలో కూర్చోబెట్టారు. సంఘపెద్ద సుందరరాజు ఆయన వేళ్ళు మడిచి, ఆ పిడికిలిని పైకెత్తి అందరికీ చూపించాడు.

ఆయన ఆట తీరు ఒకటే. నాలుగు దెబ్బలు తిని ఒకటి కొట్టేవాడు. ఆ ఒకటి తగిలిందంటే ఎదుటివాడు లేచేవాడు కాదు. తినే నాలుగూ తలకే తగిలేవి. మూడేళ్ళు వరసగా అట్లాగే గెలిచాడు. పటాలంలో ఆయనకిచ్చే రమ్ము పక్కవాళ్ళకు పోయేది. ఆయన భార్య, బడిపంతులమ్మ హన్నమ్మ, పెళ్ళికి ముందు అడిగింది ఒకే ఒట్టు, తాగనని. అది ఎన్నడూ తప్పలేదు.

1956లో బెంగుళూరులో ఒక కొత్త ఆటగాడి చేతిలో మూడుసార్లు కిందపడి, మూడుసార్లూ లేచి, చివరకు ఓడిపోయాడు. మరుసటేడు పటాలం నుంచి పంపించేశారు. ఆళ్లగడ్డలో ఒక బడిలో డ్రిల్లు మాస్టరు పని దొరికింది. సోమవారం బస్సెక్కి పోయి శనివారం నంద్యాలకు వచ్చేవాడు.

అప్పటికే నాలుక మందమైంది. నడిస్తే ఒళ్ళు పక్కకు తూలేది. ‘లెఫ్ట్’ అని అరిచి తానే కుడికాలు వేసేవాడు. “ఏందిది?” అని హన్నమ్మ అడిగితే, “వయసు” అని నవ్వేవాడు. అప్పుడాయనకు ముప్పై రెండు.

1958లో ఒక శనివారం మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్టాండులో పోలీసు జవాను ఆ తూలడం చూశాడు. మద్యనిషేధం గట్టిగా ఉన్న రోజులు.

“యాడ తాగినావురా?”

“తాగల్యా సార్.” ఆ మాట జకరయ్య నోట్లోనే ముద్దయింది.

“మాటే తిరగల్యా, తాగల్యా అంటాండాడు సూడు!”

జకరయ్య చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని స్టేషనుకు నడిచాడు. సర్కారు డాక్టరు నోటి వాసన చూడకుండానే, నడక చూసి తాగాడని రాసిచ్చాడు. నెల రోజులు జైలు పడింది. బడి పని పోయింది.

జైలు నుంచి వచ్చిన ఆదివారమే సంఘపెద్దలు పిలిపించారు.

“తప్పు ఒప్పుకో జకరయ్యా. ఒప్పుకుంటే మళ్ళా ప్రభు బల్లకు చేర్చుకుంటాం” అన్నాడు సుందరరాజు.

“తాగింటే ఒప్పుకోనా?”

హన్నమ్మ భర్త భుజం పట్టుకుని సుందరరాజు ముందుకు నెట్టింది. “వాసన జూడన్నా. దగ్గరికొచ్చి జూడు.”

సుందరరాజు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గుడిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆ బల్లకు జకరయ్యను దూరం పెట్టారు. ఆ తర్వాత వెనక బెంచీయే ఆయనకు చోటయింది.

మరుసటేడు హన్నమ్మ ఆయన్ను మద్రాసులో పెద్ద డాక్టరుకు చూపించింది. ఇతనేం పని చేసేవాడని డాక్టరు మొదట అడిగాడు. విన్నాక చాలాసేపు జకరయ్య కళ్ళలోకి చూసి, దెబ్బలకు మెదడు చెడిందనీ, దీనికి మందు లేదనీ చెప్పాడు. హన్నమ్మ అదంతా కాగితం మీద రాయించుకుని వచ్చి పాదిరి అయ్యగారి చేతికిచ్చింది. అయ్యగారు చదివి, మడిచి, బైబిల్లో పెట్టుకున్నాడు. “పెద్దల్తో మాట్లాడతా” అన్నాడు. మాట్లాడలేదు.

జకరయ్యకు జ్ఞాపకం పోతూ వచ్చింది. ఒకరోజు అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

“హన్నా, నేను తాగేవాణ్ణా?”

“ల్యా.”

“మరి అందరూ అంటాండారే.”

“అననీ. నువ్వు తాగల్యా.”

ఆ తర్వాత ఒకనాడు ఆమె బడికి పోయినప్పుడు ఆయనొక్కడే గుడికి పోయాడు. తాగినానని, మన్నించమని పెద్దల ముందు మోకాళ్ళూనాడు. వాళ్ళు సంతోషంగా సంఘం పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకున్నారు. సాయంత్రం ఆమె వచ్చేసరికి తెల్లచొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

“బల్లకు రమ్మన్యారు హన్నా!”

ఆ ముఖం చూశాక ఆమెకు తిట్టడానికి నోరు రాలేదు. లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది.

1960 మొదట్లో ఒక పొద్దున జకరయ్య మెట్ల మీద తూలి పడ్డాడు. మళ్ళీ లేవలేదు. సంఘమంతా సమాధి దగ్గరికి వచ్చింది. అయ్యగారు చాలాసేపు ప్రసంగించాడు. తాగుడులో పడి, పశ్చాత్తాపపడి, మందలోకి తిరిగివచ్చిన బిడ్డ అన్నాడు. మన యువకులకు ఈయన బ్రతుకే పాఠమన్నాడు. డాక్టరు కాగితం ఊసెత్తలేదు.

మన్ను పూడ్చడం అయ్యాక సుందరరాజు హన్నమ్మ దగ్గరికి వచ్చాడు. “పదమ్మా, ఇంటికాడ ప్రార్థన చేసుకుందాం.”

“మా ఇంటికి ఎవురూ రావాకండి” అంది హన్నమ్మ.

పుస్తకంలో ఆ ఒప్పుకోలు కొట్టేయమని తర్వాత ఆమె సంఘపెద్దలకు రెండుసార్లు ఉత్తరం రాసింది. చచ్చిపోయినవాడి సంతకం కొట్టేసే అధికారం తమకు లేదని జవాబు వచ్చింది.