పెద్ద డాక్టరు గారి చక్కెర లేని టీ

ఈ మధ్య మా వాళ్ళ పెళ్ళిళ్ళలో భోజనానికి ముందు చేసే ప్రార్థన బాగా పొడుగెక్కింది. మైకు పట్టుకున్నాయన దేశక్షేమం దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి పలావు చల్లారిపోతోంది. నాకు పలావు మీద మమకారమే తప్ప ప్రార్థన మీద కోపం లేదు. అయినా ‘ఆమెన్’ ఆలస్యమైతే నా చూపు గడియారం మీదికి పోతుంది. అది ఉద్యోగం అంటించిన జబ్బు.

1974లో, విజయవాడ నుంచి బస్సులో వెళ్ళదగ్గ దూరంలో ఉన్న ఒక మిషన్ ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా చేరాను. మత్తు డాక్టరంటే రోగిని నిద్రపుచ్చేవాడు. అంతకంటే ముఖ్యంగా, మళ్ళీ లేపేవాడు. అక్కడ చీఫ్ సర్జన్ యోహాను గారు. ఆపరేషన్‌కు ముందు రోగి చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండు ముక్కల్లో ప్రార్థన ముగించి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళేవారు. గొంతు పెంచేవారు కాదు. టీలో చక్కెర వేసుకునేవారు కాదు. ఆదివారం పాస్టరు గారు మంచివాళ్ళను చూసి నడుచుకోమని చెప్పినప్పుడల్లా సంఘమంతా ఆయన వైపు తిరిగేది. ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తుండేవారు.

ఆ బోధను అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు అసిస్టెంట్ సర్జన్ సుందరరావు. చెయ్యి మంచిది, మనిషీ మంచివాడే. పెద్దాయన లాగే తెల్ల కాన్వాసు బూట్లు కొన్నాడు, పాపిడి పక్క మార్చాడు, చక్కెర లేని టీని ముఖం చిట్లించకుండా తాగడం అభ్యాసం చేశాడు. అదేదో ఉపవాసం లాంటిదనుకుని నర్సుల్లో ఇద్దరు ముగ్గురు కూడా మొదలుపెట్టారు. పెద్దాయన అలా ఎందుకు తాగుతారో నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

ప్రార్థనలో మాత్రం సుందరరావు గురువును మించాడు.

ఒక ఉదయం పెద్దాయన మైలవరం వైపు పల్లెల్లో వైద్య శిబిరానికి వెళ్ళారు. అదే రోజు పామర్రు దగ్గర్నుంచి వీరాస్వామి అనే నేతపనివాడిని తీసుకొచ్చారు. హెర్నియా. పొట్ట గోడలోని సందులోంచి పేగు జారి అక్కడే బిగుసుకుపోయింది. రక్తం అందక ఆ పేగు కుళ్ళితే మనిషి దక్కడం కష్టం. అందుకే ఆలస్యం పనికిరాదు. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు ఖాళీ చేసి, గొట్టం తీసి, ఈథర్ మాస్కు పట్టుకుని నేను సిద్ధంగా ఉన్నాను. సుందరరావు గ్లవుజులు వేసుకుని, చేతులు పైకెత్తి ప్రార్థన ఎత్తుకున్నాడు. సృష్టి నుంచి బయలుదేరాడు. జలప్రళయం నాటి నోవహు ఓడ దగ్గరికి వచ్చేసరికి వీరాస్వామి నొప్పితోనే లేచి కూర్చున్నాడు.

“నన్ను ఇంటికి పంపించెయ్యండయ్యా. చచ్చేవాణ్ణి కొయ్యడం ఎందుకు?”

చావడమేమిటని థియేటర్ సిస్టర్ కరుణమ్మ గద్దించింది.

“నాకు తెలీదా అమ్మా? మా వీధిలో ఏసోబు తాతకి పాస్టరు గారు ఇట్టాగే చేశారు. ఆమెన్ అనేసరికి తాత లేడు.”

బయట అతని భార్య ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేసే ఉంది. కానీ మెలకువలో ఉన్నవాడు వద్దంటే ముట్టుకోకూడదన్నది మా నియమం. పైగా బెదిరినవాడికి ఈథర్ ఇస్తే పెనుగులాడతాడు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను మాస్కు కింద పెట్టాను. సుందరరావు ముఖం పాలిపోయింది. పెద్దాయన చేసినట్టే చేశాను కదండీ, అని నన్నడిగాడు.

చెయ్యలేదని చెప్పాను. ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం రోగిని పరీక్షించడం నా డ్యూటీ కాబట్టి, పెద్దాయన ఏం చేస్తారో నాకు తెలుసు. మంచం మీద రోగి పక్కనే కూర్చుని ఏ పని చేస్తావు, వెంట ఎవరొచ్చారు, దేనికి భయం అని అడిగేవారు. ఎక్కడ కోస్తారో వేలితో చూపించేవారు. ప్రార్థన చేసుకోవచ్చా అని అనుమతి తీసుకునేవారు. అత్యవసర కేసయితే ట్రాలీ పక్కనే నిలబడి ఇదంతా కానిచ్చేవారు. మర్నాటి ప్రార్థనకు రెండు ముక్కలే మిగిలేవి. ఆ సాయంత్రాలు సుందరరావు చర్చి పాటల క్వయర్ ప్రాక్టీసులో ఉండేవాడు.

ఇదంతా నా నోట విని అతను గ్లవుజులు విప్పేశాడు. స్టూలు లాక్కుని వీరాస్వామి పక్కన కూర్చున్నాడు. పేగు ఎక్కడ చిక్కుకుందో, దాన్ని ఎలా విడిపిస్తాడో మామూలు గొంతుతో చెప్పాడు. ఆ గొంతు అతని సొంతమని గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది.

“లోపల తెగితే?” అన్నాడు వీరాస్వామి.

“కుట్టేస్తాను. నువ్వు పోగు తెగితే మగ్గం వదిలేసి పోతావా?”

“అతుకుతాను.”

“నేనూ అంతే.”

వీరాస్వామి ఆలోచించి పడుకున్నాడు. ప్రార్థన మాత్రం తనకు వినబడకుండా చేసుకోమన్నాడు. సుందరరావు అలాగే చేసి, మళ్ళీ మొదట్నుంచీ చేతులు కడుక్కున్నాడు. తెరిచి చూస్తే పేగు నల్లబడింది. సందు కోసి విడిపించి, వెచ్చటి సెలైన్ గుడ్డలు కప్పి ఆగాం. ఈసారి అందరం మౌనంగానే ప్రార్థించాం, ఎవరూ చెప్పకుండానే. మెల్లగా రంగు తిరిగింది. పేగు కొయ్యనక్కర్లేకపోయింది.

ఆ ఉదయం నాకు నేర్పింది చిన్నదే. మంచివాళ్ళను అనుసరించేవాడు వాళ్ళు నలుగురిలో చేసేది చూస్తే సరిపోదు; అక్కడికి రాకముందు ఏం చేసి వచ్చారో కనుక్కోవాలి. దానికి క్వయర్ ప్రాక్టీసు మానుకోవలసి రావచ్చు.

పెద్దాయన తిరిగొచ్చాక సుందరరావు జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆయన విని, రోగి ఎలా ఉన్నాడని మాత్రం అడిగారు. ఇంతలో టీ వచ్చింది. సుందరరావు అలవాటుగా చక్కెర లేని గ్లాసు అందుకున్నాడు. పెద్దాయన ఆ గ్లాసు వైపూ, అతని ముఖం వైపూ చూశారు.

“నాకంటే షుగరు జబ్బయ్యా. నీకేమొచ్చింది?”