మూడో యూటర్న్

లైసెన్సు వచ్చి మూడు నెలలైనా, మేడ్చల్ రోడ్డు మీద యూటర్న్ అంటే నా చేతులకు చెమటలు పట్టేవి. ఎదురుగా వచ్చే లారీలు ఆగవు, వెనకవాళ్లు హారన్ ఆపరు. అందుకే రోడ్డు ఖాళీగా కనిపించేదాకా ఒక్కో యూటర్నూ వదిలేసి ముందుకే పోయేదాన్ని.

ఆ రోజు పక్క సీట్లో మా బాపు ఉన్నాడు. ఒళ్లో శామీర్‌పేటలో కొన్న చేపల సంచి. సుచిత్రలో మా ఇల్లు రోడ్డుకు అవతలి వైపు. అప్పటికే రెండు యూటర్న్‌లు దాటేశాను. సంచిలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏంది బిడ్డా, గీ చేపలకు పట్నమంతా చూపిస్తవా?"

నాకు ఒళ్లు మండింది. మూడో దాని దగ్గర స్టీరింగ్ తిప్పేశాను. కారు రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. ఒకటే హారన్లు. రెండుసార్లు తాళం తిప్పినా ఇంజన్ అందుకోలేదు.

జీవితమంతా ట్రాక్టర్ నడిపిన బాపు డోరు తీసుకుని దిగాడు. చేపల సంచితోనే ఎదురొస్తున్న బస్సుకు అడ్డంగా నిలబడి చెయ్యెత్తాడు.

"నేనున్న గదా, జల్దీ తిప్పు!"

బండి స్టార్టయింది. తిప్పాను. ఆ హారన్లు వినపడనంత దూరం పోనిచ్చి, "చూసినవా బాపూ?" అని పక్కకు తిరిగాను. సీటు ఖాళీగా ఉంది.

అద్దంలో చూస్తే, దూరంగా డివైడర్ మీద సంచితో నిలబడి ఉన్నాడు.

వచ్చిన మొదటి యూటర్న్‌లోనే తిప్పేశాను. రోడ్డు ఖాళీగా ఉందో లేదో కూడా చూడలేదు.

బాపు ఎక్కి, సంచి ఒళ్లో సర్దుకున్నాడు.

"ఇగ ఇంటికి పోవాలంటే మళ్ల గీడనే తిప్పాలె గదా?"

తిప్పాను. ఈసారి ఆయన దిగలేదు.