పదకొండు తర్వాత పదమూడు

మాది నందిపేట్. గోదావరి ఒడ్డున అది చూశాం, ఇది చూశాం అని చెప్పేవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. నేను ఎవరి మాటా నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి డయాలిసిస్ విభాగంలో కంప్యూటర్ పని నాది. పేషెంట్ల వివరాలు ఒక డేటాబేస్ టేబుల్‌లో ఉంటాయి, మనిషికొక వరుస. పొద్దున ఏడింటికి, ఆ రోజు రావాల్సినవాళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షర క్రమంలో ప్రింటు తీసి సిస్టర్లకు ఇస్తాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పేషెంటు చేరినప్పుడు ఇచ్చే నంబరు మారదు. ఆ మనిషి వెళ్లిపోతే అది ఖాళీగా మిగులుతుంది. లిస్టులో పేర్ల పక్కన వచ్చే నంబరు అలాంటిది కాదు. అది ఎక్కడా రాసి ఉండదు. అడిగిన క్షణంలో ఉన్న పేర్లకు కంప్యూటరే ఒకటి, రెండు, మూడు అని వేసుకుంటూ పోతుంది. అందులో ఖాళీ రావడానికి వీల్లేదు.

ఒక బుధవారం ఆ ఖాళీ వచ్చింది. పదకొండు, గంగారాం. దాని కింద పదమూడు, గోదావరి అనే ఆమె.

ప్రింటరు తప్పేమోనని తెర మీద చూశాను. అక్కడా అంతే. మళ్లీ తీశాను, మార్పు లేదు. మొత్తం ఎందరని అడిగితే నలభై ఒకటి అని చూపించింది. వేలు పెట్టి లెక్కపెడితే నలభై పేర్లే.

సోమవారం వచ్చినవాళ్లే బుధవారమూ వస్తారు. పాత లిస్టు పక్కన పెట్టి పోల్చాను. లేనిది గంగవ్వ పేరు. ఎడపల్లి దగ్గర చెరుకు రైతు కుటుంబం, అరవై ఏళ్లుంటాయి. తొమ్మిదింటికి బోధన్ బస్సులో దిగేది. టేబుల్‌లో ఆమె పేరు వెతికితే రికార్డులు లేవని వచ్చింది.

మళ్లీ ఎక్కిద్దామని కాగితం ఫైలు తీసి, వివరాలు సరిచూసుకోవడానికి ఆమెకు ఫోన్ చేశాను. నాలుగుసార్లు చేసినా ఎత్తలేదు. ఫైల్లో పక్కింటామె నంబరు కూడా ఉంటే దానికి చేశాను.

“పొద్దుగాల వాకిట్ల కనవడ్డది గదా బిడ్డా. కొడుకు, కోడలు చెరుకు కొట్టనీకి పోయిండ్రు. ఆగు, సూసొస్త,” అంది ఆమె.

పది నిమిషాలకు ఆమే ఫోన్ చేసింది.

“బాత్రూం తలుపు పలగ్గొట్టినం! కింద పడున్నది. ఊపిరున్నది బిడ్డా, తీస్కొస్తున్నం!”

గంగవ్వ బతికింది. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు గారు అన్నారు.

ఆమెను లోపలికి తీసుకెళ్లాక పేరు ఎక్కించడానికి కూర్చున్నాను. పేరు ఉంది. పన్నెండో నంబరు దగ్గర, ఎప్పటిలాగే.

సాఫ్ట్‌వేర్ చూసుకునే సీనియర్ అన్నకు పొద్దుటి ప్రింటు చూపించాను. ముందు నవ్వాడు.

“గిట్ల రానే రాదు. నువ్వే ఏదో నొక్కినవ్.”

ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే వివరాలన్నీ మధ్యాహ్నం దాకా వెతికాడు. ఆ పొద్దున ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. కాగితం తిరిగిచ్చేటప్పుడు నవ్వలేదు.

“నాకు సమజైతలేదు. ఎవ్వరికి చెప్పకు,” అన్నాడు.

రెండ్రోజుల తర్వాత గంగవ్వ లేచి కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని, “గంతమందిల నేనే ఎట్ల యాదికొచ్చిన బిడ్డా?” అని అడిగింది.

లిస్టులో నీ పేరు లేదని ఆమెకెలా చెప్పను? “ఊకెనే చేసిన అవ్వా,” అన్నాను.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఆమె డయాలిసిస్‌కు వచ్చింది. మొన్న ఎండాకాలంలో ఇంట్లోనే, నిద్రలో పోయింది. కొడుకు వచ్చి చెప్పాక ఆమె వరుసను టేబుల్ నుంచి నేనే తీసేశాను. మర్నాడు లిస్టు తీస్తే గంగారాం కింద గోదావరి ఉంది. నంబర్లు ఒకదాని వెనక ఒకటి సరిగ్గా ఉన్నాయి.

అలాగే రావాలి. పోయిన మనిషికి ఆ లిస్టులో చోటు మిగలదు. బతికున్న రోజున ఆమె పేరు మాయమై, చోటు మాత్రం ఎందుకు మిగిలిందో నాకు ఇప్పటికీ తెలియదు.