మేకకు ఎరుపు కనబడుతుందా?

షఫీఉద్దీన్ సాబ్‌కు ఏ జంతువు ఎదురైనా ఒకటే సందేహం: దీనికి ఎరుపు కనబడుతుందా, లేదా? మనుషులను క్షేమసమాచారం అడగడం మరిచిపోయేవాడేమో గానీ మేకను పరీక్షించడం మాత్రం మరిచేవాడు కాదు.

బడిలో జీవశాస్త్రం చెప్పి పింఛను పుచ్చుకున్నాక చార్మినార్ వెనక గల్లీలో ఆయన కొలువు ఇదే. రెండు గిన్నెలు. ఒకదానిమీద ఎర్రగుడ్డ, ఇంకోదానిమీద ఆకుపచ్చ. బెల్లం ఎర్రగుడ్డ కింద. మేక సూటిగా అక్కడికే వచ్చేది, సాబ్ నొసలు చిట్లించేవాడు. బెల్లాన్ని ఆకుపచ్చ కిందికి మారిస్తే మేక కూడా అటే మారేది.

"దగా! ముక్కుతోని చూసింది!" అని గల్లీ దద్దరిల్లేలా అరిచేవాడు.

షౌకత్ బీ బర్రె అయితే బెల్లంతో పాటు గుడ్డలు కూడా మింగేసింది.

"సాబ్, రేపు పాలు ఎర్రగొస్తే ఎవరు జవాబు?"

"ఎర్రగొచ్చినా దానికి తెల్వదు బీబీ, ఫికర్ చెయ్యకు."

చివరికి ఒక కోతి, వాసన ఏమీ లేని ఖాళీ గిన్నెల దగ్గర కూడా ఎర్రగుడ్డనే లాక్కుంది. పోతూ పోతూ ఆయన టోపీ కూడా పట్టుకుపోయింది. సాబ్ ఆరోజంతా బోడితలతో పండగ చేసుకున్నాడు.

గల్లీ అంతా నవ్వేది. గుడ్డలకు రంగులద్దే శివయ్యకు మాత్రం ఆయన్ను చూస్తే గుండె జారిపోయేది. గుడ్డల కోసం సాబ్ వచ్చేది తన దుకాణానికే. శివయ్యకు ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనబడతాయి. ఆ సంగతి భార్య మాణిక్యమ్మకు ఒక్కదానికే తెలుసు. గంగాళాల పక్కన కూర్చుని ఏది ఏ రంగో చెప్పేది ఆమే. బయట పొక్కితే తండ్రినాటి దుకాణం మూసుకోవాల్సిందే.

కూతురి కాన్పని మాణిక్యమ్మ సైదాబాద్ వెళ్లిన రోజే అదే గల్లీలో ఉండే జాహెదా వచ్చింది. "రేపు మా పెద్దబిడ్డ కుబ్రా నిఖా. ఈ దుపట్టా సాయంత్రానికి ఎర్రగ కావాలె" అని చేతిలో పెట్టి వెళ్లింది.

ఎడమ గంగాళంలో ఎరుపు ఉందని మాణిక్యమ్మ చెప్పి వెళ్లింది. కానీ ఊడ్చేటప్పుడు శివయ్యే వాటిని జరిపాడు. ఇప్పుడు ఏది ఏదో తెలియక, దుపట్టా పట్టుకుని రెండింటి మధ్యా నిలబడ్డాడు.

అంతలో మేకను వెంటేసుకుని సాబ్ వచ్చాడు. గంగాళాల వైపు, శివయ్య చేతుల వైపు చూశాడు.

"కుడిదాంట్ల ముంచు" అన్నాడు మెల్లగా.

శివయ్య బిక్కచచ్చిపోయాడు. "మీకెట్ల తెలుసు సాబ్?"

"ఎర్రదొకటి, ఆకుపచ్చదొకటి అడిగితే మొదటిరోజే, మాణిక్యమ్మ లేనప్పుడు, రెండూ ఎర్రవి ఇచ్చినవు. అప్పటిసంది రంగు తప్పిన గుడ్డలన్నీ ప్రయోగానికని నేనే కొనుక్కపోయిన. వేరేటోళ్ల చేతుల పడితే లొల్లి గాదా?"

శివయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. "నా కండ్లల్లనే ఏదో పాపమున్నది సాబ్."

"పాపమేంది? పాలిచ్చే జంతువులు ఒకప్పుడు రాక్షసబల్లులకు భయపడి చీకట్లనే తిరిగినయట. చీకట్ల రంగులతోని ఏం పని? రంగులు పోగొట్టుకున్నయి, ముక్కు పెంచుకున్నయి. తర్వాత ఆకులల్ల పండు దొరకవట్టనీకె కోతులు ఎరుపును మళ్ల తెచ్చుకున్నయి. నీ కండ్లది ఆ పాత ఖాన్‌దాన్, అంతే."

"మరి ఈ మేకలు, బర్రెలెందుకు?"

"ఊకె చెప్తే నమ్ముతవా? వాటికి గూడ కనబడదని రుజువు చూపిద్దామనుకున్న. అవేమో ముక్కుతోని చూసి నా పరువు తీసినయి..." సాబ్ మాట ఆగిపోయింది. "అరె! ముక్కుతోని!"

మేకను అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాడు. లవంగాల మూట తెచ్చి ఎర్ర గంగాళంలో వేలాడదీశాడు. శివయ్య దుపట్టాను అందులోనే ముంచాడు. ఇక ఎన్నిసార్లు జరిపినా ఎరుపు ఎక్కడుందో శివయ్యకు తెలుస్తుంది.

నిఖా అయిన మూడోనాడు జాహెదా మళ్లీ వచ్చింది. శివయ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లేచాడు.

"శివయ్యా, ఏం కలిపినవయ్యా? చుట్టాలందరు దుపట్టానే వాసన చూసుకుంట కూసున్నరు. నా చిన్నబిడ్డకు గూడ గదే లవంగాల ఎరుపు కావాలె."

అప్పటికే దుకాణంలో మేక వెనక నిలబడి ఉన్న సాబ్ గంభీరంగా తల ఊపాడు.

"చూసినవా శివయ్యా? ఈమె గూడ ముక్కుతోనే చూసింది."