తాతయ్య పొగ పరీక్ష

మా తాతయ్యకు ఏ వస్తువు కనిపించినా ఒకటే సందేహం: ఇది మండుతుందా? పండు ఇస్తే తొక్క చూస్తాడు. కొత్త కుర్చీ కొంటే కూర్చోడు, దాని కాలు గోకి చూస్తాడు.

ఇంధన పరిశోధనశాలలో పనిచేసి రిటైరయ్యాడు. పరిశోధనశాల ఊపిరి పీల్చుకుంది. మాకు ఊపిరాడటం మానేసింది. వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు, ఎండుటాకులు మూత బిగించిన డబ్బాలో మాడ్చి, నూరి, గంజితో ఉండలు చుట్టేవాడు. ఆ తర్వాత పొగ పరీక్ష. ఉండ వెలిగించి పైన తెల్ల దిండు గలీబు పట్టుకోవడం. ఎంత నల్లబడితే అంత పొగన్నమాట.

"ఇంట్లో ఒక్క తెల్ల గలీబైనా మిగల్చరా?" అంది నానమ్మ.

"సైన్సుకు త్యాగాలు కావాలి."

"అయితే మీ చొక్కా త్యాగం చేయండి!"

"అది నీలం. మసి సరిగ్గా కనిపించదు" అన్నాడు, ఎంతో సౌమ్యంగా.

నేను చదువు మధ్యలోనే వదిలేసిన ఘనుణ్ని. నా మార్కుల కాగితాలన్నీ ఆయనకే దానం చేశాను. కాల్చి చూసి పెదవి విరిచాడు. "కాగితం మంచిదేరా, దానిమీదే సరుకు లేదు."

ఎంత ఉతికినా మసి పోని ఆ గలీబులు మా మెట్ల కింద ఇస్త్రీ కొట్టు పెట్టుకున్న, నేను అత్త అని పిలిచే ఆవిడ దగ్గరికి వెళ్లేవి. అక్కడ కరెంటు లేదు. ఆవిడది బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఆ పొగకు దగ్గి దగ్గి మనిషి సగమైంది. పొగ మానకపోతే కష్టమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడకు ఇంకో పని రాదు. అయినా నెలాఖరుకి కొట్టు మూసేస్తానంది.

"బాబాయిగారూ, పోతూ పోతూ నాకెందుకండీ మీ మసి?"

"మూస్తే మూశావులే. నెలాఖరంటే నెలాఖరే, ఒక్కరోజు కూడా ముందు మూయకు" అని కసిరాడు తాతయ్య.

ఇంత రాతిగుండె ఏమిటని నానమ్మ ఆయనతో మాట మానేసింది. ఆయన గమనించనేలేదు.

గడువుకి ముందురోజు పొద్దున్నే తాతయ్య మచ్చలేని గలీబొకటి జెండాలా ఊపుతూ మెట్లు దిగాడు. రెండో చేతిలో బకెట్ నిండా ఉండలు.

"నీ బొగ్గులు పారబొయ్యి. ఇవి వెయ్యి. నీ పెట్టెకు సరిపోయేలాగే చుట్టాను."

నానమ్మ నోరు తెరిచింది. "ఆవిడ కోసమని ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే అందరూ సాయానికొస్తారు. ఇక పని తెమిలినట్టే!"

పెట్టె వేడెక్కింది. పొగ లేదు. అత్త ఒక చొక్కా ఇస్త్రీ చేసింది, రెండోది చేసింది, మూడోది చేసింది. దగ్గలేదు. కళ్లు తుడుచుకుని, "కొట్టు మూయనండీ. కానీ ఇవి అయిపోతే ఎలా?" అనడిగింది.

అడగకూడని మాట అడిగింది. తాతయ్య మిగతా ఉండలు ఓ మూల కుమ్మరించి, బకెట్ బోర్లించి దానిమీద స్థిరపడ్డాడు. "నువ్వే చేసుకోవచ్చు. ముందు పొట్టులో తేమ గురించి చెబుతాను. అసలు మనిషి నిప్పు కనిపెట్టినప్పుడు..."

కాసేపటికి అత్త ఖళ్లుఖళ్లున దగ్గడం మొదలుపెట్టింది. ఈసారి పొగకు కాదు.