బండి మూతికి మామ బొమ్మ

మా ఆయనకు మైలేజీ పిచ్చి పట్టిన ఎండాకాలం అది. దుబాయి నుంచి తిరిగొచ్చాక జగిత్యాలలో ఒక పాత కారు కొన్నాడు. ఆ రోజు నుంచి అన్నం తింటున్నా ఫోనులో అవే వీడియోలు. కారు ముందర జాలీ ఉంటుంది కదా, గ్రిల్లు, దాన్ని మూసేస్తే గాలి లోపలికి దూరి బండిని వెనక్కి నూకదట, పక్కల నుంచి జారిపోతుందట, డీజిల్ మిగులుతుందట. నేనూ చూశాను ఆ వీడియో. చెబుతున్న మనిషి వెనకాల మోకాలెత్తు మంచు ఉంది. మాది కోరుట్ల. నెల మే.

"ఆ దేశంల మంచు వడ్తది. మనకాడ ఇంజన్ ఉడుకుతది గదా," అన్నాను.

"ఏ దేశంల అయినా గాలి గాలే," అన్నాడు. ఇంక ఆ మనిషితో ఏం మాట్లాడతాం!

మామూలు రోజైతే పట్టించుకునేదాన్ని కాదు. కానీ మర్నాడే సిరిసిల్లలో మా తమ్ముడి గృహప్రవేశం. తమ్ముడూ మరదలూ నాకు ఒడిబియ్యం పోస్తామన్నారు. అన్నిటికన్నా పెద్ద సంగతి, మా మామ వస్తానన్నాడు. నా పెళ్లిలో మావాళ్లు ఆయనకు పెట్టిన బట్ట మా ఇంటి సాంచె మీద, అంటే పవర్‌లూమ్ మీద, నాన్న స్వయంగా నేసింది. మామ దాన్ని విప్పి చూసి నలుగురిలో "గిది లంగాల గుడ్డ గదా!" అన్నాడు. ఆ మాటకు నాన్న నవ్వి ఊరుకున్నాడు గానీ అమ్మ ఊరుకోలేదు. అప్పటి నుంచి వియ్యంకుడితో పలకదు. నాన్న పోయినప్పుడు మామ వచ్చి వాకిట్లో నిలబడితే తలెత్తి కూడా చూడలేదు. మధ్యలో నలిగింది నేను. ఈ ఒక్కసారి ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకుంటే చాలని, చెరో పక్క కాళ్లావేళ్లా పడి ఒప్పించాను.

తెల్లారి లేచి చూస్తే కారు మూతికి మా మామ ముఖం. దసరాకు మామ తన ఫొటోతో కొట్టించుకున్న ఫ్లెక్సీ ఒకటి అటక మీద ఉండేది. మా ఆయన అందులోంచి శుభాకాంక్షలన్నీ కోసి పారేసి, ముఖం వరకు జాలీకి సరిపడా కత్తిరించి, ప్లాస్టిక్ ట్యాగులతో బిగించాడు. దండం పెడుతున్న చేతులు, నవ్వుతున్న మీసం, పైన అచ్చేసిన బంతిపూల దండ.

"బొమ్మను లోపలికి తిప్పరాదా?"

"నున్నటి దిక్కు బయటికుండాలె. అప్పుడే గాలి జారుతది."

మామ కారు చుట్టూ తిరిగి చూసుకుని మురిసిపోయాడు. "ఉండనియ్ బిడ్డా, మంచిగనే ఉన్న గదా!"

బయలుదేరాం. అద్దాలు దించితే గాలి అడ్డం తగిలి మైలేజీ పోతుందట, ఎక్కించాడు. ఏసీ వేస్తే డీజిల్ తాగుతుందట, వెయ్యలేదు. కథలాపూర్ దగ్గర రోడ్డు మీద వడ్లు ఆరబోసుకుంటున్న రైతు కారును చూసి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతులు జోడించాడు. బైకు మీద పోతున్న ఇద్దరు పక్కకు ఆగి దారిచ్చారు. చెప్పులు విడిచి నిలబడింది ఒక ముసలామె. మామ లోపలి నుంచి అందరికీ తిరిగి దండాలు పెట్టాడు.

"సూసినవా బిడ్డా, గీ దిక్కు గూడ మనల గుర్తువడ్తున్నరు."

ఎందుకు మొక్కుతున్నారో నాకు తట్టలేదు. ఆ ఉక్కకు నా బుర్ర అప్పటికే పనిచేయడం మానేసింది.

వేములవాడ వచ్చేసరికి వేడి ముల్లు ఎర్రగీత మీదికెక్కింది. ఇప్పుడైనా ఆపి ఆ ఫ్లెక్సీ పీకుతాడనుకున్నాను. లేదు. హీటర్ వేశాడు.

"ఇంజన్ల వేడి కొంచెం మనం గుంజుకుంటే అది సల్లవడ్తది."

మే నెలలో, అద్దాలు మూసిన కారులో, హీటర్! "నీ మైలేజీల మన్నువడ!" అని అరిచాను. మామ కండువా ముఖం మీద వేసుకుని వెనక సీట్లో ఒరిగిపోయాడు.

సిరిసిల్లలో తమ్ముడి కొత్త ఇంటి ముందు ఆగగానే బానెట్ కింద నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. ఆ పొగలో, పూలదండ కింద, దండం పెడుతూ మా మామ. నేను దిగాను. జుట్టు ముడి ఊడిపోయింది, కళ్లు ఎర్రబడ్డాయి, ముఖం నిండా చెమట, గొంతెండి మాట రావడం లేదు. అమ్మ నన్ను చూసింది. బొమ్మను చూసింది. చేతిలో ఉన్న నీళ్ల చెంబు కింద పెట్టి, నన్ను గట్టిగా పట్టుకుని శోకం అందుకుంది.

"ఓ అన్నా! ఎంత పనాయెనే అన్నా! నా బిడ్డను కన్నబిడ్డ లెక్క సూసుకుంటివి గదనే! దానికి జరమస్తె దవాఖానల నువ్వే కూసుంటివట, నాకు తెల్వదనుకున్నవా! ఒక్క మాటకు ఇన్నేండ్లు మొగం తిప్పుకుంటి, పాపిష్టిదాన్ని! నీకోసం పట్టుపంచ కొని పెట్టె అడుగున దాస్తి, కట్టుకోకనే పోతివి గదనే!"

పక్కింటి ఆడవాళ్లు కూడా అందుకున్నారు. లోపల పంతులు మంత్రం ఆపి తొంగి చూశాడు. నేను కాదు కాదని తల ఊపితే అమ్మ ఇంకా గట్టిగా పట్టుకుంది. నిజం చెప్పాలంటే నాకూ ఏడుపు ఆగలేదు. ఆ మాటలు అమ్మ నోట వినాలని ఎన్నేళ్లు కాచుకుని ఉన్నానో నాకే తెలుసు.

అంతలో వెనక డోరు తెరుచుకుంది. మామ కండువాతో ముఖం తుడుచుకుంటూ దిగి, ఆ ఏడుపులు చూసి హడలిపోయాడు.

"ఏమైంది చెల్లె? ఎవరు వోయిండ్రు?"

అమ్మ వెక్కుతూనే చూసింది. "నువ్వే వోయినవ్ గద అన్నా!" అంది.

ఇన్నేళ్ల తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి.

మామ కారు ముందుకు పోయి బొమ్మను చూశాడు, పొగను చూశాడు, కొడుకును చూశాడు. మా ఆయన ట్యాగులు కోయడం మొదలుపెట్టాడు. పంతులు వాకిలి కడిగించి, పూజ మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు.

నాకు ఒడిబియ్యం పోయడం అయ్యాక అమ్మ లోపలికి పోయి ఆ పట్టుపంచ తెచ్చింది. తల వంచుకునే మామ చేతిలో పెట్టింది. మామ దాన్ని తీసి పక్కన పెట్టాడు. మళ్లీ ఏం మాట అంటాడోనని నేను ఇద్దరి మధ్యకు జరిగాను.

"గిది గాదు చెల్లె. మీ సాంచె మీది గుడ్డ తే."

"ఇప్పుడు సాంచె మీద లంగాల గుడ్డే నడుస్తున్నదన్నా."

"గదే తే."

అమ్మ తెచ్చింది. చిలకపచ్చ రంగు. మామ దాన్ని అందరి ముందు మడత విప్పి భుజాన వేసుకుని, గోడకు తగిలించిన నాన్న ఫొటో దగ్గరికి పోయి రెండు చేతులూ జోడించాడు.