అవతలి కుర్చీ

గ్రెనోబుల్ ప్రయోగశాలలోని గుండ్రటి నీళ్ల తొట్టి ఎంత పెద్దదంటే, ఈ అంచునుంచి ఆ అంచుకి మాట వినపడాలంటే అరవాల్సిందే. భూమి సముద్రాన్ని తిప్పినట్టు, ఆ తొట్టి పైన కూర్చున్న మనుషులతో సహా తిరుగుతుంది. రంగునీళ్లు వదిలి, అవి ఎటు వంగుతాయో చూడటం అన్సెల్మ్ పని. అవతలి అంచున, ఎదురు కుర్చీలో, అతనితో పనిచేసే ఒడిల్ కూర్చునేది.

తిరిగేవాళ్లకి తిరుగుతున్న సంగతి తెలియదు. విసిరిన వస్తువు మాత్రం కుడికి ఒరిగిపోతుంది. అందుకే పని ముగిశాక, తొట్టి ఆగకముందే, అన్సెల్మ్ ఒక అక్రోటుకాయని తన ఎడమకి, ఎవరూ లేనివైపు విసిరేవాడు. అది వంపు తిరిగి ఒడిల్ అరచేతిలో వాలేది.

“నీ గురి చూస్తే గోడ భయపడాలయ్యా!” అని అరిచేదట. అదే ప్రయోగశాలలో పనిచేసే నాకు, భోజనాల దగ్గర ఈ మాట అన్సెల్మ్ ఎన్నిసార్లు చెప్పాడో.

ఒడిల్ ఉద్యోగ విరమణ చేసి అనెసీ ఊళ్లో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. రెండేళ్లు కుర్చీ ఖాళీగా తిరిగింది. చివరికి డైరెక్టరు తేల్చేశాడు: “ఆవిడ వారానికి రెండు రోజులు వస్తానంటే సరే. లేదంటే కుర్చీ తీసేసి కెమెరా పెట్టు.”

అన్సెల్మ్ ఫోన్ చేసి డైరెక్టరు మాట చెప్పాడు. ఆమె జున్నుముక్క పట్టుకుని వచ్చింది.

“ఏమయ్యా, ఇంకా కళ్లు తిరగట్లేదా నీకు?”

“ఇంటికెళ్తేనే తిరుగుతాయి. అక్కడ ఏదీ కదలదుగా. కూర్చో ముందు.”

తొట్టి వేగం అందుకుంది. అన్సెల్మ్ కాయ విసిరాడు, ఎప్పటిలాగే ఎడమకి. ఒడిల్ చెయ్యి కూడా కాయ బయల్దేరిన వైపే పోయింది. కాయ వంపు తిరిగి, ఆమె మోకాలికి తగిలి నీళ్లలో పడింది.

ఆమె తన అరచెయ్యి చూసుకుంది.

“నా చెయ్యి నేలకి అలవాటుపడిపోయింది, అన్సెల్మ్!”

“ఇంకోటి వేస్తా!”

“వద్దులే.”

అతను జేబు నిండా తెచ్చిన కాయలు జేబులోనే ఉండిపోయాయి. వారానికి రెండు రోజుల మాట అతను మళ్లీ అడగలేదు, ఆమె ఎత్తలేదు. తొట్టి ఆపాడు. ఆమె అతని రెండు చెంపలూ ముద్దాడి, రైలు తప్పుతుందంటూ వెళ్లిపోయింది.

తొట్టి ఆగినా నీళ్లు ఆగవు. అక్రోటుకాయ తేలుతూ, ఖాళీ కుర్చీ ముందునుంచి మళ్లీ మళ్లీ వచ్చింది. నీళ్లలో పడ్డవి తీసే చిన్న వల అన్సెల్మ్ చేతిలోనే ఉంది, ముంచితే దొరికేదే. ముంచలేదు. అది దానంతటది నిలిచేదాకా చూసి, వల పక్కన పెట్టి, కుర్చీ బోల్టులు విప్పడానికి స్పానర్ అందుకున్నాడు.